గర్భిణులకు తుంటి, గజ్జల నొప్పి: ఇంట్లో ఏం చేయాలి, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి

ఐదో నెలో ఆరో నెలో వచ్చేసరికి కొంతమందికి మంచం మీద ఒత్తిగిలడమే పెద్ద పని అయిపోతుంది. పొత్తికడుపు కింద సరిగ్గా మధ్యలో ఉండే ఎముక దగ్గర కలుక్కుమంటుంది. గజ్జల్లోంచి తొడ లోపలివైపు లాగుతుంది. వెనకాల నడుం కింద, పిరుదు పైభాగంలో ఒకపక్క పోటు. ఒంటికాలి మీద నిలబడి లంగా తొడుక్కోబోతే ప్రాణం పోయినంత పని అవుతుంది. అత్తగారితో చెబితే "కడుపుతో ఉన్నాక నొప్పులు లేకుండా ఎలా ఉంటాయమ్మా, మేమూ పడ్డాం" అంటారు. ఆవిడను తప్పు పట్టలేం, ఆవిడ రోజుల్లో ఆవిడకీ అదే చెప్పారు. కానీ ఈ నొప్పిని పళ్లబిగువున ఓర్చుకోవాల్సిన అవసరం లేదు. ఎందుకొస్తుందో తెలుసు, తగ్గించే దారులున్నాయి, ఎంత ముందుగా జాగ్రత్తపడితే అంత తొందరగా అదుపులోకి వస్తుంది.

ఒడిశాలో బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉన్న మన తెలుగు ఇళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఇక్కడ నేలమీద కూర్చుని చేసే పనులు ఎక్కువ, మెట్లెక్కి దిగాల్సిన పాత ఇళ్లు ఎక్కువ, కాన్పుకు ఆంధ్రా వైపు పుట్టింటికి వెళ్లేవాళ్లూ ఎక్కువ. సలహా ఈ బతుకులో ఇమడకపోతే ఎవరూ పాటించలేరు.

నొప్పి ఎక్కడి నుంచి వస్తుంది

నడుం కింద ఉండే ఎముకల చట్రాన్ని పెల్విస్ అంటారు. ఇందులో మూడు కీళ్లు ముఖ్యం. ముందు వైపు, పొత్తికడుపు అడుగున, రెండు ఎముకలు కలిసేచోట ఒకటి. వెనక వైపు, వెన్నెముక అడుగుభాగం తుంటి ఎముకలతో కలిసేచోట కుడి ఎడమల్లో రెండు. మామూలు రోజుల్లో ఇవి కదిలీ కదలనట్టు ఉంటాయి. గర్భం వచ్చాక హార్మోన్ల వల్ల కీళ్లను పట్టి ఉంచే నరాల్లాంటి కట్లు కాస్త వదులవుతాయి, కాన్పుకు దారి ఇవ్వడం కోసం. దానికి తోడు కడుపు పెరిగి నడక తీరు, నిలబడే తీరు మారతాయి. ఒకపక్క కీలు ఒకలా, ఇంకోపక్క కీలు ఇంకోలా కదలడం మొదలైతే అక్కడే నొప్పి పుడుతుంది.

సుమారుగా ప్రతి ఐదుగురు గర్భిణుల్లో ఒకరికి ఇది వస్తుంది. ఇంతకుముందు నడుం నొప్పి ఉన్నవాళ్లకు, ఎప్పుడో బండి మీంచి పడి తుంటికి దెబ్బ తగిలినవాళ్లకు, ముందు కాన్పులో ఇదే నొప్పి పడ్డవాళ్లకు, బరువు పనులు చేసేవాళ్లకు వచ్చే అవకాశం ఎక్కువ. తల్లికి నరకం చూపించే ఈ నొప్పి వల్ల కడుపులో బిడ్డకు మాత్రం ఏ హానీ ఉండదు. ముందు ఈ టెన్షన్ పక్కన పెట్టేయండి.

ఇది ఆ నొప్పేనా, వేరేదా?

ఇది కదలికతో వచ్చే నొప్పి. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు, ఒంటికాలి మీద నిలబడినప్పుడు, పక్క మారినప్పుడు, కాళ్లు ఎడంగా పెట్టినప్పుడు పెరుగుతుంది. విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. పగలంతా పని చేసిన రోజు రాత్రికి ఎక్కువవుతుంది. కొందరికి ముందు ఎముక దగ్గర టిక్కుమన్న శబ్దం కూడా తెలుస్తుంది. కీళ్ల నొప్పి గుర్తులు ఇవే.

పొత్తికడుపు పక్కల్లో, దగ్గినా గబుక్కున లేచినా, కత్తితో గుచ్చినట్టు కొన్ని క్షణాలు వచ్చి పోయే నొప్పి వేరు. అది గర్భసంచిని పట్టి ఉంచే కట్లు సాగడం వల్ల వచ్చేది. నెమ్మదిగా లేవడం అలవాటు చేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

కింద రాసిన వాటిలో ఏది కనిపించినా కీళ్ల నొప్పేలే అని ఇంట్లో కూర్చోవద్దు. రాత్రయినా సరే బయల్దేరాలి.

- కింద నుంచి రక్తం కనిపించడం, లేదా నీరు కారడం.
- 37 వారాలు నిండకముందే కడుపు గట్టిపడి వదులవడం, అది లెక్కగా మళ్లీ మళ్లీ రావడం.
- కడుపు రాయిలా గట్టిగా అయిపోయి వదలకుండా నొప్పి.
- బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించడం.
- జ్వరం, చలి, మూత్రంలో మంట, నడుం పక్కల్లో నొప్పి.
- తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం చేతులు ఉబ్బడం.
- ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉండి నొప్పి పెట్టడం. రక్తం గడ్డకట్టినప్పుడు ఇలా అవుతుంది.
- తొడల మధ్య తిమ్మిరి, కాలిలో పట్టు లేకపోవడం, మూత్రం లేదా విరేచనం తెలియకుండా పోవడం.
- మొదటి మూడు నెలల్లో ఒకపక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం. గర్భం సంచిలో కాకుండా ట్యూబులో నిలిచి ఉండవచ్చు.

ఒడిశాలో గర్భిణుల కోసం 102, మిగతా అత్యవసరాలకు 108. ఫోన్ చేయగానే ముందు ఏ జిల్లా, ఏ బ్లాకు, ఏ ఊరో చెప్పండి. సరిహద్దు ఊళ్లలో ఇది మరీ ముఖ్యం.

మొదటి అడుగు: కదిలే పద్ధతి మార్చుకోవడం

మందుల కన్నా, బెల్టుల కన్నా ఎక్కువ మేలు చేసేది ఇదే. సూత్రాలు రెండే. కదిలేటప్పుడు మోకాళ్లు రెండూ కలిపి ఉంచాలి. శరీరం బరువు రెండు కాళ్ల మీదా సమానంగా పడాలి.

ఎక్కువమందిని ఏడిపించేది రాత్రిపూట పక్క మారడమే కాబట్టి దాన్ని వివరంగా చెబుతాను. ఎడమ పక్కకు పడుకుని ఉన్నారు, కుడి పక్కకు తిరగాలి అనుకుందాం. మామూలుగా ఏం చేస్తాం? పై కాలు ముందు ఎత్తి అటు వేస్తాం, తర్వాత నడుం తిప్పుతాం, చివరికి భుజం వస్తుంది. ఆ కాలు ఎత్తిన క్షణంలోనే ముందు ఎముక విడిపోతున్నంత నొప్పి వస్తుంది. అలా కాకుండా:

1. మోకాళ్లు రెండూ మడిచి ఒకదానికొకటి ఆనించండి. మధ్యలో దిండు ఉంటే దాన్ని అలాగే మోకాళ్లతో నొక్కి పట్టుకోండి.
2. ఊపిరి వదులుతూ పొత్తికడుపును కొంచెం లోపలికి తీసుకోండి, మూత్రం ఆపుకుంటున్నట్టు కింది కండరాలను బిగించండి.
3. చేత్తో మంచం అంచుని గానీ, పక్కనున్న మనిషి చేతిని గానీ పట్టుకోండి.
4. తల, భుజాలు, నడుం, మోకాళ్లు అన్నీ ఒక్కసారే, ఒక దుంగ దొర్లినట్టు, తిప్పండి. నడుం ముందు, కాళ్లు తర్వాత అన్నది ఉండకూడదు.

మొదటి రెండు రాత్రులు ఇబ్బందిగా ఉంటుంది. తర్వాత నిద్రలోనే అలవాటైపోతుంది. జారే గుణమున్న పాత సిల్కు చీర ముక్క నడుం కింద పరుచుకుంటే తిరగడం ఇంకా తేలిక.

మంచం దిగేటప్పుడు కూడా అంతే. పక్కకు తిరిగి, మోకాళ్లు కలిపి, రెండు కాళ్లూ ఒకేసారి కిందికి దింపుతూ చేత్తో తోసుకుని లేవాలి. వెల్లకిలా ఉన్నదాన్ని ఉన్నట్టు లేవడం మానేయండి.

చీర, లంగా, చుడీదార్ ప్యాంటు ఏది కట్టుకున్నా కూర్చునే కాళ్లు దూర్చండి. మెట్లు ఎక్కేటప్పుడు నొప్పి లేని కాలు ముందు పెట్టి రెండో కాలు అదే మెట్టు మీదికి తెచ్చుకోవాలి. దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. మేడ మీద పడకగది ఉన్నవాళ్లు ఈ కొన్ని నెలలు కిందికి మకాం మార్చుకుంటే మంచిది. అది కుదరకపోతే కనీసం రోజుకు ఎక్కి దిగే సార్లు తగ్గించుకోండి.

ఆటో ఎక్కేటప్పుడు ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి ఊగిసలాడవద్దు. ముందు వీపు లోపలికి ఉండేలా సీటు అంచున కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. ఆటో అబ్బాయికి "కొంచెం ఆగు బాబూ" అని చెప్పడానికి మొహమాటపడకండి. బైకు సంగతి సూటిగా చెప్పాలి. ఒకపక్కకు కూర్చుంటే నడుం మెలిపడుతుంది, అటూ ఇటూ కాళ్లు వేసి కూర్చుంటే ముందు కీలు సాగుతుంది. నొప్పి ఉన్నంత కాలం బైకు మానేయడమే మేలు.

నేలమీద పనులు

మన ఇళ్లలో నొప్పి పెంచే అసలు కారణాలు ఇక్కడున్నాయి. కత్తిపీట ముందు ఒక మోకాలు ఎత్తి కూర్చోవడం, బాసింపట్టు వేసుకుని గంటలతరబడి అప్పడాలు ఒత్తడం, గొంతుక్కూర్చుని అంట్లు తోమడం, వంగి చిన్న చీపురుతో ఊడవడం. బరంపురం అప్పడాలకు, పచ్చళ్లకు పేరు. ఆ పేరు వెనక నేలమీద కూర్చుని పని చేసే ఆడవాళ్ల నడుములున్నాయి. పీట, కర్ర ఎత్తైన బల్ల మీద పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఒత్తితే అప్పడం పాడవదు. కూరగాయలు చాకుతో, పలక మీద, కుర్చీలో కూర్చుని తరగండి. అంట్లు నిలబడి తోముకునే వీలు లేకపోతే ఆ పని ఇంట్లో ఇంకొకరు తీసుకోవాలి.

పట్టుచీరల మగ్గాల ఇళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. గుంట మగ్గం మీద కూర్చున్నవాళ్లు పాదాల కింది పలకలను ఒకటి విడిచి ఒకటి తొక్కుతుంటారు. అంటే ఒక తుంటి మీద బరువు, వెంటనే రెండో తుంటి మీద బరువు, రోజుకు కొన్ని వేలసార్లు. ఈ నొప్పికి ఇంతకన్నా చెడ్డ కదలిక వెతికినా దొరకదు. మగ్గం తొక్కడం ఆపి నూలు చుట్టడం, అంచులు చూడటం లాంటి పనికి మారండి, అది కూడా కుర్చీలో. సంపాదన తగ్గుతుందన్న బాధ నాకు తెలుసు. కానీ ఆరో నెలలో పని మార్చుకోకపోతే ఎనిమిదో నెలలో మంచం దిగలేని స్థితి రావచ్చు.

నీళ్ల బిందె చంకన పెట్టుకోవడం, పెద్దపిల్లాడిని ఒక తుంటి మీద ఎక్కించుకోవడం వదిలేయాలి. పిల్లాడు ఏడిస్తే మీరు కూర్చుని ఒళ్లోకి ఎక్కించుకోండి. నీళ్లు తేక తప్పకపోతే రెండు చేతులకూ చిన్న డబ్బాలు, సమాన బరువుతో.

మరుగుదొడ్డి సంగతి చాలామంది సిగ్గుపడి అడగరు. నేలమీద గొంతుక్కూర్చునే దొడ్డిలో కాళ్లు ఎడంగా పెట్టాలి, లేవడం ఇంకా కష్టం. మధ్యలో రంధ్రం ఉన్న ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, ఉన్న దొడ్డి మీదే పెట్టుకోవచ్చు. గోడకు ఒక ఇనుప పిడి బిగించినా సాయమే. మలబద్ధకం ఉంటే ముక్కినప్పుడల్లా ఇవే కీళ్ల మీద ఒత్తిడి. ఐరన్ మాత్రల వల్ల కొందరికి గట్టిపడుతుంది, అలాగని ఆ మాత్రలు ఆపవద్దు. నీళ్లు, ఆకుకూరలు, పండ్లు పెంచండి, తగ్గకపోతే డాక్టరుతో చెప్పి మందు అడగండి.

ఇక "గొంతుక్కూర్చుని ఇల్లు తుడిస్తే సుఖప్రసవం అవుతుంది" అన్న మాట. నొప్పి లేని గర్భిణి ఓపికను బట్టి పని చేసుకోవడం మంచిదే, కదలకుండా ఉండటం ఎవరికీ మంచిది కాదు. కానీ తుంటి, గజ్జల నొప్పి ఉన్నవాళ్లతో గొంతుక్కూర్చోబెట్టే పని చేయిస్తే కాన్పు తేలికవడం దేవుడెరుగు, నొప్పి మాత్రం ముదురుతుంది. ఇది చదివే భర్తలు, అత్తగార్లు దయచేసి ఈ ఒక్క మాట పట్టించుకోండి. ఆ అమ్మాయి బద్ధకిస్తోందని అనుకోకండి. ఉదయం బాగానే నడిచిన మనిషి సాయంత్రం అడుగు వేయలేకపోవడం ఈ నొప్పి స్వభావం.

పని మొత్తం మానక్కర్లేదు. నొప్పి మొదలయ్యేదాకా చేసి ఆపడం కాదు, నొప్పి రాకముందే ఆపడం నేర్చుకోవాలి. ఇరవై నిమిషాలు నిలబడితే నొప్పి వస్తోందంటే పదిహేను నిమిషాలకే కూర్చోండి. నడక కూడా ఒకేసారి కాకుండా చిన్న చిన్న విడతలుగా, చిన్న అడుగులతో, చదునైన చోట.

నిద్ర

పక్కకు తిరిగి పడుకుని మోకాళ్ల మధ్య నుంచి మడమల దాకా దిండు పెట్టుకోండి. మోకాళ్ల మధ్య మాత్రమే పెడితే పాదం కిందికి వేలాడి తుంటి మెలిపడుతుంది. ప్రత్యేకమైన దిండు కొనక్కర్లేదు, రెండు పాత చీరలు కలిపి గట్టిగా చుట్టి దారంతో కడితే సరిపోతుంది. కడుపు కింద చిన్న మడత బట్ట పెట్టుకుంటే బరువు లాగదు. 28 వారాలు దాటాక ఎలాగూ వెల్లకిలా కాకుండా ఏదో ఒక పక్కకు తిరిగి నిద్రపోవడమే బిడ్డకు మంచిది. చాప మీద పడుకునేవాళ్లు ఈ నెలల్లో మంచానికి మారండి, నేలమీంచి లేవడమే సగం నొప్పి. నులక సాగిపోయి గుంటపడ్డ మంచం కూడా పనికిరాదు, పక్క మారనివ్వదు.

భార్యాభర్తల కలయిక గురించి కూడా చెప్పాలి, ఎవరూ చెప్పరు కాబట్టి. డాక్టరు వద్దనకపోతే మానాల్సిన పని లేదు. కాళ్లు ఎడం చేసే భంగిమ వదిలి పక్కకు తిరిగి పడుకునే పద్ధతి చూసుకోండి. నొప్పి అనిపిస్తే ఆపమని భర్తకు చెప్పే చనువు ఉండాలి.

బెల్టు

గర్భిణుల కోసం అమ్మే బెల్టుల్లో రెండు రకాలున్నాయి. కడుపును కింద నుంచి మోసేది ఒకటి, తుంటి ఎముకల చుట్టూ బిగించేది ఒకటి. ఈ నొప్పికి రెండోది సరైనది. కడుపు కిందుగా, తుంటి ఎముకలను చుట్టి, వేలు దూరేంత పట్టుతో ఉండాలి. కడుపు మీద బిగించకూడదు. నడిచేటప్పుడు, పని చేసేటప్పుడు పెట్టుకుని, పడుకునేటప్పుడు తీసేయాలి. అందరికీ ఒకేలా పనిచేయదు. పెట్టుకుని నడిచి చూస్తే తేడా తెలిసిపోతుంది, తేడా లేకపోతే డబ్బు దండగ. గంజాం తీరంలో ఉక్కపోతకు నేరుగా ఒంటి మీద పెడితే చెమటకాయలు వస్తాయి, పల్చని నూలు బట్ట మీద పెట్టుకోండి.

వ్యాయామాలు

ఫిజియోథెరపిస్టు ఒకసారి చూసి చెబితే అంతకన్నా మంచిది లేదు. దొరికేలోగా ఈ కొన్ని ఇంట్లో చేసుకోవచ్చు.

మొదటిది కింది కండరాల బిగింపు. మూత్రం, గ్యాసు రెండూ ఆపుకుంటున్నట్టు లోపలికి బిగించి, ఊపిరి బిగపట్టకుండా, వీలైనన్ని సెకన్లు ఉంచి వదలాలి. పది సెకన్ల దాకా పెంచుకుంటూ పోండి, పదిసార్లు, రోజుకు మూడు విడతలు. మూత్రం పోసేటప్పుడు మాత్రం సాధన చేయవద్దు. పక్క మారే ముందు, కుర్చీలోంచి లేచే ముందు ఒకసారి బిగిస్తే కీళ్లకు లోపలి నుంచి ఆసరా దొరుకుతుంది.

రెండోది మంచం మీద చేతులు, మోకాళ్ల మీద ఉండి చేసేది. వీపు బల్లలా చదునుగా పెట్టి, ఊపిరి వదులుతూ పొత్తికడుపు లోపలికి తీసుకుని వీపును నెమ్మదిగా పైకి గుండ్రంగా వంచాలి. కొన్ని సెకన్లు ఆగి మళ్లీ చదునుకు రావాలి. కిందికి గుంటలా జారనివ్వకూడదు. ఈ భంగిమలో కడుపు బరువు కీళ్ల మీంచి తొలగిపోతుంది కాబట్టి చాలామందికి వెంటనే హాయిగా ఉంటుంది. మణికట్లు నొప్పెడితే కుర్చీ మీదికి ముందుకు వాలి చేయవచ్చు.

మూడోది, కుర్చీలో కూర్చుని మోకాళ్ల మధ్య మడత తువ్వాలు పెట్టి మెత్తగా నొక్కడం. ఐదు సెకన్లు, పదిసార్లు. ముందు ఎముక దగ్గర నొప్పి పెరిగితే ఇది మానేయండి.

వీడియోల్లో గర్భిణుల యోగా పేరుతో అరికాళ్లు కలిపి మోకాళ్లు పక్కలకు ఊపే ఆసనం, లోతుగా గొంతుక్కూర్చునే వ్యాయామాలు చాలా చూపిస్తారు. మిగతావాళ్లకు మంచివే కావచ్చు. మీకు ఈ నొప్పి ఉంటే వాటి జోలికి వెళ్లవద్దు.

కాపడం, మాలిష్, మందులు

వెనక నొప్పికి గోరువెచ్చని నీళ్ల సంచి బట్టలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టుకోవచ్చు. కడుపు మీద వద్దు. ముందు ఎముక దగ్గర వాపుగా మంటగా ఉంటే తడిబట్టలో చుట్టిన ఐసు కాసేపు. నడుం, పిరుదుల మీద నూనెతో మెత్తగా రాస్తే మంచిదే. కాలు పట్టి లాగి "నరం సరిచేస్తాం" అనేవాళ్ల దగ్గరికి, కడుపు నొక్కి బిడ్డను తిప్పుతామనేవాళ్ల దగ్గరికి మాత్రం పోకండి. వదులైన కీళ్లను లాగితే ఏమవుతుందో ఆలోచించండి.

మందుల దగ్గర గట్టిగా ఉండాలి. పారాసిటమాల్ గర్భిణులకు వాడే నొప్పి మందు, అది కూడా డాక్టరు చెప్పిన మోతాదులో, అవసరమైనన్ని రోజులే. 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు, 50 కిలోల లోపు బరువున్నవాళ్లకు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లకు ఇంకా తక్కువ. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ మీ అంతట మీరు వాడకూడదు. 20 వారాలు దాటాక ఇవి బిడ్డ కిడ్నీల మీద ప్రభావం చూపి ఉమ్మనీరు తగ్గించవచ్చని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. 30 వారాల తర్వాత బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. చిక్కేమిటంటే, మెడికల్ షాపులో "నడుం నొప్పి" అంటే చేతిలో పెట్టే మాత్రల్లో పారాసిటమాల్‌తో పాటు ఎసిక్లోఫెనాక్ కలిపినవి చాలా ఉంటాయి. పట్టీ వెనక పేర్లు చదవండి, చదవలేకపోతే "నేను గర్భిణిని" అని ముందే చెప్పండి. ఊళ్లో ఇంజక్షన్ వేసే ఆయన "ఒక్క సూదితో పోతుంది" అంటే ఆ సూదిలో ఎక్కువగా ఉండేది డైక్లోఫెనాకే. నొప్పికి రాసే జెల్లులు, స్ప్రేల్లోనూ ఇదే ఉండొచ్చు కాబట్టి అవీ అడిగే వాడండి. బీపీ భయంతో డాక్టరు తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాసి ఉంటే అది వేరే సంగతి, దాన్ని మీ అంతట మీరు ఆపవద్దు.

ఆసుపత్రిలో ఎలా చెప్పాలి

రద్దీ ఓపీలో "నడుం నొప్పి" అంటే కాల్షియం రాసి పంపేస్తారు. ఆంధ్రా నుంచి కోడలిగా వచ్చి ఒడియా ఇంకా పట్టుబడనివాళ్లు "అంటా బింధుచి" (నడుం నొప్పెడుతోంది) అని ఆగిపోతారు, దానికీ అదే జవాబు వస్తుంది. వేలితో చోటు చూపించండి: ముందు ఎముక, గజ్జ, వెనక పిరుదు పైన. ఏ పని చేయలేకపోతున్నారో చెప్పండి: పక్క మారలేను, మెట్లెక్కలేను, ఒంటికాలి మీద నిలబడలేను. తర్వాత సూటిగా "ఫిజియోథెరపీకి రాయండి" అని అడగండి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కొరాపుట్‌లో సహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ, మిగతాచోట్ల జిల్లా ఆసుపత్రి, వీటిలో ముందుగా విచారించండి.

పెద్ద ఆసుపత్రి దూరమైతే ప్రతి నెలా 9వ తేదీ గుర్తుంచుకోండి. ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ఆ రోజు ప్రభుత్వ ఆసుపత్రుల్లో నాలుగో నెల దాటిన గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తున్నారు. ఊళ్లో తల్లులకు, పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే మమత దివస్ రోజున ఆశా దీదీకి, ఏఎన్ఎంకు కూడా చెప్పి కార్డులో రాయించుకోండి. రాయగడ, కొరాపుట్, గజపతి కొండ ఊళ్లలో ఉండి, నొప్పితో చివరి నిమిషంలో ప్రయాణం చేయలేమనుకునేవాళ్లు "మా గృహ" గురించి ఆశా దీదీని అడగండి. కాన్పు తేదీకి కొన్ని రోజుల ముందే ఆసుపత్రి దగ్గర ఉండే ఏర్పాటు అది.

పుట్టింటికి వెళ్లేటప్పుడు

పర్లాకిమిడి నుంచి పాతపట్నం పక్కనే. జయపురం నుంచి శ్రీకాకుళమో విజయనగరమో అంటే ఘాటు రోడ్డు మీద చాలా గంటలు. నొప్పి ఉంటే తొమ్మిదో నెల దాకా ఆగకుండా, డాక్టరు సలహాతో, కొంచెం ముందే బయల్దేరండి. దారిలో గంట గంటన్నరకు ఒకసారి దిగి నాలుగడుగులు వేయాలి. మోకాళ్ల మధ్య దిండు కారులోనూ పనికొస్తుంది. రైల్లో అయితే కింది బెర్తు తప్పనిసరి. ప్లాట్‌ఫాం పల్లంగా ఉండే చిన్న స్టేషన్లలో పెట్టె మెట్లెక్కడం ఈ నొప్పికి గండం, కాబట్టి పెద్ద స్టేషన్ నుంచి ఎక్కండి. ఒడిశాలో రాసిన కార్డు, స్కాన్లు, రక్తపరీక్షలు అన్నీ వెంట ఉండాలి. అక్కడి డాక్టరుకు ఈ నొప్పి గురించి మొదటి రోజే చెప్పాలి.

సీమంతం రోజు పీట మీద గంటలు కూర్చోబెడతారు. కుర్చీ వేయించమని ముందే అమ్మకు చెప్పండి. కుర్చీలో కూర్చున్నంత మాత్రాన గాజులు తొడగడం ఆగదు.

కాన్పు గదిలో

ఈ నొప్పి ఉందని ఆపరేషనే చేయాలన్న రూలేమీ లేదు. ఎక్కువమందికి మామూలు కాన్పే అవుతుంది. చేయాల్సిన పని ఒకటుంది. ఎనిమిదో నెల చివర్లో, మంచం అంచున కూర్చుని, నొప్పి రాకుండా మోకాళ్లు ఎంత దూరం విడదీయగలరో చూసుకుని టేపుతో కొలిపించండి. ఆ కొలత కార్డులో రాయించి, కాన్పు గదిలో నర్సుకు, మీతో ఉండే అమ్మకు తెలిసేలా చూడండి. అంతకు మించి కాళ్లు లాగకుండా జాగ్రత్తపడతారు. కాళ్లు ఎత్తి పట్టీల్లో పెట్టాల్సి వస్తే రెండూ ఒకేసారి ఎత్తాలి, ఒకేసారి దించాలి, వీలైనంత తక్కువసేపు ఉంచాలి. పక్కకు తిరిగి పడుకుని గానీ, ముందుకు వాలి గానీ కనే వీలుందేమో ముందే అడగండి. నడుముకు మత్తు ఇస్తే నొప్పి తెలియదు కాబట్టి కాళ్లు ఎక్కువ విడదీసినా మీకు అర్థం కాదు. అప్పుడు ఈ కొలతే కాపాడుతుంది.

కాన్పు తర్వాత

చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది. కట్లు మళ్లీ గట్టిపడటానికి నెలలు పడుతుంది కాబట్టి పురుడు పోసుకున్న మూడో రోజే నీళ్ల బకెట్టు ఎత్తకండి. బిడ్డకు పాలిచ్చేటప్పుడు వీపుకు ఆనుడు ఉండాలి, బిడ్డ కింద దిండు పెట్టుకుని బిడ్డనే రొమ్ము దగ్గరికి తెచ్చుకోవాలి, మీరు వంగకూడదు. బిడ్డకు స్నానం కాళ్ల మీద పోయించే పద్ధతిలో ఎక్కువసేపు నేలమీద కాళ్లు చాపి కూర్చోవాలి, ఆ పని అమ్మకో అమ్మమ్మకో వదిలేయండి. కింది కండరాల వ్యాయామం, మోకాళ్లు కలిపి పక్క మారే అలవాటు కొనసాగించండి.

మూడు నెలలు దాటినా నడక ఇబ్బందిగా ఉంటే సర్దుకుంటుందిలే అని వదలకుండా ఫిజియోథెరపిస్టును కలవాలి. రెండో బిడ్డ కావాలనుకుంటే ఈ నొప్పి పూర్తిగా తగ్గి, నడుం, తుంటి కండరాలు గట్టిపడ్డాక అనుకోండి. మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి మొదటి చెకప్‌లోనే డాక్టరుకు చెప్పి, వ్యాయామాలు అప్పటి నుంచే మొదలుపెట్టాలి.